సిస్టరమ్మగారి గెస్ట్‌హౌస్

గత నెలలో సిస్టరమ్మగారు ప్రభువునందు నిద్రించారు. శ్రీకాకుళం పట్టణంలో ఒక క్రైస్తవ సంఘం రోగుల కోసం నడుపుతున్న చిన్న గెస్ట్‌హౌస్‌కు ఆమె చాలా ఏళ్లపాటు పెద్దదిక్కుగా ఉన్నారు. తన పేరు అచ్చులో కనబడటం ఆమెకు గిట్టదు కనుక ఇక్కడ రాయడం లేదు. ఆ మాటకొస్తే, ఆ ఇంట్లో తలదాచుకున్నవాళ్లలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు కూడా తక్కువే. నర్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కాబట్టి అందరికీ ఆమె సిస్టరమ్మే. మా నాన్న ఆమెకంటే వయసులో పెద్దవాడైనా అలాగే పిలిచేవాడు, ఆమె మాత్రం ఆయనను "అన్నయ్యా" అనేవారు.

మాది ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలంలో కొబ్బరితోటల మధ్యనున్న ఊరు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఈ జిల్లావాళ్లకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. షుగరు, బీపీ లాంటివేవీ లేకుండానే తోటల్లో పనిచేసుకునే మనిషికి మూత్రపిండాలు చడీచప్పుడు లేకుండా పాడైపోతాయి. కాళ్లు వాచి, అన్నం సహించక, ఆసుపత్రికి వెళ్లేసరికి మిగిలేది యంత్రంతో రక్తం శుద్ధి చేయించుకునే డయాలసిస్సే. తాగే నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో గంటల తరబడి చేసే చాకిరీ, నొప్పి బిళ్లలు ఇలా ఎన్నింటినో పరిశోధకులు అనుమానించారు కాని, ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి కావడంతో మా నాన్న డయాలసిస్‌కు డబ్బు కట్టవలసిన బాధ మాకు తప్పింది, కాని దూరం తప్పలేదు. సోంపేటలోను, పలాసలోను ఆ యంత్రాలు ఇంకా పెట్టని రోజులవి. వందకు పైగా కిలోమీటర్లు బస్సులో వచ్చి, నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఉండి, నీరసంతో తల వాలిపోతున్న మనిషిని మళ్లీ అదే బస్సులో ఇంటికి తీసుకువెళ్లి, ఒకరోజు గడిచాక మళ్లీ బయలుదేరడమంటే ఆ కుటుంబంలో ఇంకెవరికీ వేరే పని ఉండకూడదు. ఆసుపత్రి వరండాలో పరిచయమైన ఒకాయన చెబితేనే ఈ గెస్ట్‌హౌస్ సంగతి మాకు తెలిసింది.

పాతకాలపు పెంకుటిల్లు అది. ముందు పెద్ద హాలు, వెనక వరసగా గదులు, పెరట్లో వంటిల్లు, నుయ్యి, రెండు వేపచెట్లు. అద్దె అంటూ ఏమీ లేదు. గుమ్మం పక్కన ఒక డబ్బా ఉండేది, వేయగలిగినవాళ్లు వేసేవారు, వేసిందెంతో ఎవరూ చూసేవారు కారు. అయితే అక్కడ అడుగుపెట్టగానే మొదట ఎదురయ్యేది మర్యాద కాదు, సోదా. ఏ రోగి వచ్చినా సిస్టరమ్మగారు ముందు సంచి విప్పమనేవారు. అందులో ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్లలుంటే తీసి పక్కన పెట్టేవారు. మా సంచిలో అవి దొరకలేదు కాని, అమ్మ ఎంతో జాగ్రత్తగా కొని తెచ్చిన తక్కువ సోడియం ఉప్పు పొట్లం దొరికింది. మామూలు ఉప్పు మంచిది కాదన్నారు కదా అని ఎక్కువ ధర పెట్టి కొన్నది. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుని ఆ పొట్లం వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి, "ఇందులో సోడియం తగ్గించి పొటాషియం కలిపినారమ్మా. మామూలోళ్లకి ఇది మంచిదే గాని, అన్నయ్యకి పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోద్ది" అని మా అమ్మకు నిదానంగా విడమరచి చెప్పారు. అంతకుముందు ఎందరో చెప్పిన జాగ్రత్తలలో ఆ ఒక్క ముక్క లేదు.

ఆమె ఆతిథ్యమంతా కొలతల మీద నడిచేదని నాకు తర్వాత అర్థమైంది. ఇంటికి వచ్చినవాళ్లకు కడుపునిండా పెట్టడం, అడగకుండానే మరో గ్లాసు పోయడం మనకు తెలిసిన మర్యాద. డయాలసిస్ రోగికి అదే ప్రమాదం. మూత్రం రాని మనిషి తాగిన నీరంతా ఒంట్లోనే నిలిచిపోయి, ఊపిరితిత్తులలోకి చేరి, పడుకుంటే ఆయాసం తెస్తుంది. అందుకని ప్రతి రోగికీ ఒక సీసా ఉండేది. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఒక్కొక్కరి సీసాలో ఆ రోజుకు సరిపడా నీళ్లు పోసి, ఆసుపత్రిలో వాడే తెల్ల ప్లాస్టరు ముక్క మీద పేరు రాసి అంటించేవారు. నీళ్లే కాదు, టీ తాగినా, మజ్జిగ తాగినా, అన్నంలో చారు పోసుకున్నా అంత కొలత నీటిని ఆ సీసాలోంచి తీసి వేపచెట్టు మొదట్లో పోయవలసిందే. మా నాన్న మొదట్లో దీన్ని చిన్నపిల్లల ఆటగా తీసిపారేశాడు గాని, పొద్దున రెండు టీలు తాగేసరికి సీసా సగానికి దిగిపోవడం కళ్లారా చూశాక తానే కొలత గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. ఎండాకాలంలో నాలుక పిడచగట్టుకుపోతే ఒక చిన్న మంచుముక్క చప్పరించమనేవారు, దాని లెక్క కూడా సీసాలోంచి పోయేది. యంత్రంలో నాలుగు గంటల్లో సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు ప్రవహిస్తుందని ఆమె చెప్పినప్పుడు మా నాన్న నవ్వి, "దానికేటి సిస్టరమ్మా, దానికి దాహం ఎక్కువ" అన్నాడు. ఆయన అప్పటికి చాలాకాలంగా నవ్వలేదు.

మరుసటి డయాలసిస్ లోగా బరువు రెండు, రెండున్నర కిలోలకు మించి పెరగకూడదు. హాలు మూలలో బరువు చూసే మిషను ఉండేది. రోజూ పొద్దున్నే రోగులందరూ దాని ముందు వరసకట్టేవారు, ఆమె ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఎవరి బరువు హఠాత్తుగా పెరిగినా, "రాత్రి ఏటి తాగినావు, నిజం చెప్పు" అని అక్కడే, అందరి ముందే నిలదీసేవారు. ఇది నాకు నచ్చేది కాదు. వయసు మళ్లినవాళ్లను నలుగురిలో అలా అడగడం అవమానమని ఒకసారి అన్నాను కూడా. "అవమానానికి మందు అక్కర్లేదు పాపా, ఆయాసానికి ఆక్సిజన్ కావాల" అని ఆమె పుస్తకంలోకి తల వంచారు. ఆ జవాబుతో నేను ఇప్పటికీ పూర్తిగా ఏకీభవించను.

వంటింటి విషయం కాస్త వివరంగా చెప్పాలి. మా ఉద్దానంలో పండేవన్నీ, కొబ్బరి, జీడి, పనస, అరటి, పొటాషియం ఎక్కువ కాబట్టి మా నాన్నకు పనికిరానివే. తన తోటలోని కొబ్బరిబొండం తానే తాగకూడదన్న మాట ఆయనకు జబ్బు కంటే ఎక్కువ కష్టంగా తోచేది. పొటాషియం నీటిలో కరుగుతుంది. అందుకని ఆ వంటింట్లో కూరగాయలను సన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లూ వార్చేసి అప్పుడు పోపు పెట్టేవారు. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ తిరిగి తిరిగి వచ్చేవి. ఇలా వార్చిన కూరకు రుచేముంటుందని అనుకునేవాళ్లు ఆమె పోపు చూసి ఉండరు. వెల్లుల్లి చితక్కొట్టి, ఎండుమిరప, జీలకర్ర, ఆవాలు, ఇంగువ బాగా వేగనిచ్చి, చింతపండుకు బదులు దించేముందు కొద్దిగా నిమ్మరసం పిండేవారు. ఉప్పు మాత్రం ఆమె చేత్తోనే పడాలి. ఎండుచేపల వాసన వస్తే ఎవరి గదిలోంచో కనిపెట్టగల ముక్కు ఆమెది.

ఆమె ఎక్కువగా పోట్లాడింది పత్యం గురించి. డయాలసిస్ మొదలయ్యే ముందు మాంసకృత్తులు తగ్గించమని డాక్టర్లు చెబుతారు. మొదలైన తర్వాత, రక్తశుద్ధిలో కొంత పోతుంది కనుక, పెంచమంటారు. మా వైపు జనం మొదటి మాటనే పట్టుకుని గంజన్నంతో నెలల తరబడి బతుకుతూ చిక్కి శల్యమయ్యేవారు. ఆమె ప్రతి ఒక్కరికీ రోజూ గుడ్ల తెల్లసొన పెట్టేవారు, తినేవరకు ఎదురుగా కూర్చునేవారు. గుడ్డు ముట్టని మా పెద్దమ్మ చూడటానికి వచ్చి ముక్కు మూసుకుంటే, "నువ్వు తినొద్దమ్మా, మీ మరిదిని మాత్రం తిననీ" అన్నారు.

చేతి సంగతి కూడా ఉంది. డయాలసిస్ కోసం మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేస్తారు. దాని మీద వేళ్లు ఆనిస్తే లోపల ఝుమ్మని అదురు తెలుస్తుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, సూది గుచ్చకూడదు, బరువు మోయకూడదు, దాని మీద పడుకోకూడదు. బరువు చూసే వరసలోనే ఆమె ఒక్కొక్కరి చేయి పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. ప్రార్థన చేస్తున్నారని మా అమ్మ చాలాకాలం అనుకుంది. మందస వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడి చేతిలో ఒకరోజు ఆ అదురు లేదు. అతనికి నొప్పి లేదు, ఏ తేడా తెలియలేదు. ఆమె టిఫిను కూడా తిననివ్వకుండా అతన్ని కారెక్కించి విశాఖపట్నం పంపించారు. గడ్డకట్టిన రక్తాన్ని సకాలంలో తీయబట్టి ఆ ఫిస్టులా నిలిచింది.

ఈ పద్ధతులన్నీ ఆమెకు ఎక్కడ అబ్బాయని అడిగితే సోంపేట పేరు చెప్పేవారు. వయసులో ఉండగా ఆమె అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో పనిచేశారట. కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గలిసన్ కంటివైద్యంతో పేరు తెచ్చిన ఆసుపత్రి అది. 1963లో కెనడాలో మొదలై తర్వాత అనేక దేశాలకు విస్తరించిన ఆపరేషన్ ఐసైట్ సంస్థకు స్ఫూర్తి ఆయన పనే. ఆ రోజుల్లో కంటి శుక్లం తీస్తే కట్టుతో రోజుల తరబడి కదలకుండా పడుకోవాలి కనుక రోగితోపాటు ఇంటిల్లిపాదీ వచ్చి చెట్లకింద వంట చేసుకునేవారని, రోగి కోలుకోవడం సగం ఆ పొయ్యి దగ్గర ఉన్నదాని చేతిలో ఉంటుందని తాను అక్కడే నేర్చుకున్నానని ఆమె చెప్పేవారు. అందుకే కాబోలు, మా నాన్నకంటే మా అమ్మకు ఎక్కువ పాఠాలు చెప్పారు.

ఆ ఇల్లు క్రైస్తవుల ఇల్లన్నది దాపరికం కాదు. సాయంత్రం హాలులో పాట, వాక్యం, ప్రార్థన ఉండేవి. రావాలన్నవాళ్లు వచ్చేవారు, గదుల్లో ఉన్నవాళ్లను ఎవరూ పిలిచేవారు కారు. ప్రార్థనలో మాత్రం ఆమె నోటుపుస్తకం చూసి అందరి పేర్లూ, గదిలో ఉన్నవాళ్లవి కూడా, వరసగా చదివేవారు. మా నాన్నకు అరసవల్లి సూర్యనారాయణమూర్తి మొక్కు ఉండేది. ఆ సంగతి ఆమె ముందు ఎత్తడానికి అమ్మ సంకోచించింది. తీరా చెబితే, రథసప్తమి రద్దీలో తోపులాట వద్దని, ముందు ఆదివారమే వెళ్లిరమ్మని ఆటో మాట్లాడినది ఆమే. బయలుదేరేటప్పుడు, "దండం ఎంతసేపైనా పెట్టు అన్నయ్యా, పులిహోర మాత్రం రెండు మెతుకులే" అని వెనక నుంచి కేకేశారు.

ఆమె ఓడిపోయిన యుద్ధం ఒకటుంది. కొడుకుకు తోడుగా వచ్చిన ఒక ముసలమ్మకు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు. సిస్టరమ్మగారు నోటి క్యాన్సరు గురించి చెప్పి చూశారు, చుట్టలు దాచి చూశారు, చివరికి నూతి గట్టు దాకా తరిమారు. ముసలమ్మ ఆ నూతి గట్టు మీదే కూర్చుని, "నీ యేసయ్యకి చెప్పు, ఈ ఒక్కటీ వదిలెయ్యమని" అంది. ఆ తర్వాత ఇద్దరూ అక్కడే కూర్చుని కబుర్లాడుకోవడం నేను చూశాను.

మా నాన్న పోయిన తర్వాత కూడా నేను ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా తోటలను నేలమట్టం చేసినప్పుడు, కరెంటు లేక మా వైపు డయాలసిస్‌కు ఇబ్బంది పడినవాళ్లు కొందరు శ్రీకాకుళం చేరుకుంటే, ఆమె హాలు నిండా చాపలు పరిపించారు. క్రమేణా సోంపేటలోను, పలాసలోను డయాలసిస్ కేంద్రాలు నిలదొక్కుకున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా ప్రారంభమైంది. గెస్ట్‌హౌస్‌లో ఉద్దానం మనుషులు తగ్గి, క్యాన్సరు వైద్యానికని, బిడ్డల ఆపరేషన్లకని వచ్చేవాళ్లు పెరిగారు. దానికి తగ్గట్టు ఆమె వంటింటి పద్ధతులు మార్చుకున్నారు, సీసాలను అటకెక్కించారు.

జ్ఞాపకార్థ కూడికకు పాత రోగులలో మిగిలినవాళ్లు వచ్చారు, చనిపోయినవాళ్ల ఇళ్లనుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మందస కుర్రాడు భార్యతో వచ్చాడు. హాలులో ఆమె ఫోటో పెద్దది చేయించి పెట్టాలని సంఘం కమిటీవారు అనుకుంటూ మమ్మల్ని చందా అడిగారు. చందా ఇస్తాను గాని, మూలనున్న బరువు మిషను అరకిలో తేడా చూపిస్తున్నదని, దాన్ని ముందు మార్చమని నేను అన్నాను. కొంత తర్జనభర్జన జరిగి రెండింటికీ ఒప్పుకున్నారు. మిషను పోయిన వారమే వచ్చింది. ఫోటో ఇంకా ఫ్రేము కట్టేవాడి దగ్గరే ఉంది.