పల్లె చర్చి చరిత్ర రాసేముందు సమాధుల తోట చూడండి

పాత చర్చి చరిత్ర రాయబోయేవాళ్లు ముందు గోడకున్న శంకుస్థాపన రాయి చూసి, అందులోని ఏడాదే సంఘం పుట్టిన ఏడాదని రాసేస్తుంటారు. రాతి కట్టడం లేచేనాటికే సంఘం ఒక తరం దాటి ఉండొచ్చు. అంతకుముందు ఆరాధన కొట్టంలోనో చెట్టు కిందో జరిగి ఉంటుంది.

మొదట ఏ మిషనో తేల్చుకోవాలి. మెథడిస్టులనగానే గుర్తొచ్చే మెదక్ చర్చి 1924లో పూర్తయింది. అది నిజాం రాజ్యంలో వెస్లియన్ మిషన్ చేసిన పని. మన రాయలసీమ దారి వేరు. లండన్ మిషనరీ సొసైటీ, అంటే లండన్ మిషన్, 1810లో బళ్లారికి, 1822లో కడపకు వచ్చింది. ఆ తర్వాత జమ్మలమడుగు, గుత్తి కూడా దాని కిందికే చేరాయి. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల వైపు ఇంగ్లండు ఆంగ్లికన్ చర్చి మిషన్ ఎస్పీజీ పనిచేసింది. లండన్ మిషన్ కాగితాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఎస్పీజీవి ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాయి. అనంతపురం 1882లో జిల్లా అయింది కాబట్టి అంతకు ముందువాటిని బళ్లారి పేరు కింద వెతకాలి.

పాస్టరయ్య బీరువాలో ఉండే బాప్తిస్మం, భూస్థాపన రిజిస్టర్లు అన్నిటికన్నా విలువైనవి. ఒకే తేదీన, ఒకే ఊరి నుంచి వరుసగా పేర్లు కనిపిస్తే సంఘం మొదలైంది అప్పుడేనేమో చూడాలి. బాప్తిస్మానికి ముందున్న పాత పేరు, ఆ తర్వాతి కొత్త పేరు రెండూ రాసుకోండి. సమాధి మీద ఏది చెక్కారో చెప్పలేం.

రాయి ఉన్నంత మాత్రాన కింద మనిషి ఉన్నట్టు కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో దొర 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోతే గుత్తిలో పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. అందుకే ప్రతి రాయినీ రిజిస్టరుతో సరిచూడాలి.

ఇక రాళ్ల సంగతి. ఇక్కడ చాలా సమాధులకు వాడింది కడప నాపరాయి, అంటే సున్నపురాయి జాతి. బాత్‌రూం కడిగే యాసిడ్ పోస్తే బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగుతోపాటు అక్షరాల అంచులు కూడా కరిగిపోతాయి. తీగబ్రష్ వద్దు, సుద్దముక్కతో రుద్దడం వద్దు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. చదవాలంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితే అక్షరాల గుంతల్లో నీడ నిలుస్తుంది. ఎండ అటు తిరగకపోతే పక్కనుంచి అద్దంతో వెలుగు పడేలా చేయండి.

పండుగకు ముందు ప్రేమతో చేసే పనులే ఎక్కువ చెరుపు చేస్తున్నాయి. ఎనామిల్ రంగు అక్షరాలను పూడ్చేస్తుంది. పలక అడుగున సిమెంటు పోస్తే తేమ బయటికి పోలేక రాతిలోకి ఎక్కుతుంది, ఉప్పు పేరుకుని పొరలు పొరలుగా లేస్తుంది. ఒరిగిన పలకను నిలబెట్టాలంటే ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక కలిపి వాడండి. సందుల్లో మొలిచిన రావిని లాగొద్దు, వేరుతోపాటు కట్టు కూడా ఊడొస్తుంది. మొదలు దగ్గర కోసి వేరును లోపలే ఎండనివ్వాలి.

అక్షరం లేని మట్టిదిబ్బలను, తల దగ్గర ఉత్త బండ పాతిన గుంతలను వదిలేయకండి. దొరల సమాధి రాళ్ల మీది రాతలు ఎప్పుడో పుస్తకాల్లో అచ్చుకెక్కాయి. చర్చిని నిలబెట్టిన పల్లె జనం మాత్రం ఈ దిబ్బల్లోనే ఉన్నారు. టేపుతో కొలిచి, వరుసకో అక్షరం, దిబ్బకో అంకె వేసి పటం గీయండి. ఊరి ముసలివాళ్లను వెంటబెట్టుకుని నడుస్తూ, వాళ్లు చెప్పిన పేరును అక్కడికక్కడే ఆ అంకె పక్కన రాసుకోండి.