మాస్కు చేయించుకున్నాక గుండు కొట్టించుకున్నాను

మాది కందుకూరు, మోటార్ల రీవైండింగ్ షాపు. ఏడాదిగా ఎడమ చెవిలో కీచురాయి కూసినట్టు ఒకటే మోత. ఫోను ఆ చెవికి పెడితే గొంతు వినపడుతుంది గానీ మాట తెలియదు. షాపులో ఎప్పుడూ రొదే కదా, అందువల్లే అనుకుని నెట్టుకొచ్చా. తీరా ఎమ్మారై తీస్తే చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద 17 మిల్లీమీటర్ల గడ్డ. వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారట, క్యాన్సర్ కాదు. కోత లేకుండా ఒకే సిట్టింగులో 12 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇద్దామని నెల్లూరులో డాక్టరమ్మ చెప్పింది. గడ్డ మాయం కాదు, పెరక్కుండా ఆగితే చాలు అని గూడా ముందే చెప్పేసింది, అది నాకు నచ్చింది.

నా భయమంతా గురి మీదే. గడ్డను ఆనుకుని మెదడును వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమ్, పక్కనే ముఖాన్ని కదిలించే నరం, ఇటు చూస్తే వినికిడికి సంబంధించిన కాక్లియా. షాఫ్టు వెంట్రుకవాసి అవుట్ అయితే బేరింగు ఏమవుతుందో రోజూ చూసేవాణ్ణి నేను. అందుకే రేడియేషన్ లెక్కలూ మిషను గురీ చూసే ఫిజిసిస్టును పట్టుకుని తల కదిలితే ఎట్టా అని అడిగా. కావలి వైపు కుర్రాడు, విసుక్కోకుండా చెప్పాడు. రేడియోసర్జరీ అని దీనికి పేరు పెట్టింది 1951లో స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్. తలకు లోహపు ఫ్రేము పెట్టి, మత్తు ఇంజెక్షన్ చేసి, నాలుగు స్క్రూలు పుర్రెకు ఆనేలా బిగించడం పాత పద్ధతి, ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తారు. ఇక్కడ మాత్రం స్క్రూలు ఉండవు, తల కదలకుండా పట్టే మాస్కు ఉంటుంది, దాన్నీ పూర్తిగా నమ్మకుండా మళ్లీ మళ్లీ స్కాన్ తీసి చూసుకుంటారు.

గురువారం మాస్కు చేశారు. చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరిచారు, వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు కప్పినట్టుంది. ఇద్దరు రెండువైపులా నిలబడి ముక్కు దగ్గర, నుదుటి దగ్గర, గడ్డం కింద వేళ్లతో అదుముతుంటే అది చల్లారుతూ కాస్త బిగుసుకుంటోంది, చివరికి పలకలా గట్టిపడింది. అది పెట్టుకునే సీటీ తీశారు, మిల్లీమీటరుకొక ముక్కగా. దానిమీద ఎమ్మారై బొమ్మను ఎముకకు ఎముక కలిసేలా కూర్చి ప్లాన్ వేస్తారట. సోమవారం రమ్మన్నారు.

మధ్యలో శనివారం వచ్చింది. మా ఆవిడ మాలకొండకు మొక్కుకుని ఉంది, ఆ గుడి తెరిచేదే శనివారం. ట్రీట్‌మెంటుకు ముందే మొక్కు తీర్చేద్దామని వెళ్లి గుండు చేయించుకుని వచ్చా. నా జుట్టు సంగతి చెప్పాలి, రింగులు తిరిగి ఒత్తుగా ఉంటుంది, దాన్ని అణిచి మాస్కు చేశారన్నమాట. గుండుతో మాస్కు పాడవుతుందని నాకు తట్టలేదు, చేయించుకోవద్దని వాళ్లూ చెప్పలేదు.

సోమవారం టెక్నీషియన్ నన్ను చూడగానే "ఏందన్నా ఇది!" అని తల పట్టుకున్నాడు. మాస్కు బిగిస్తే క్లిప్పులు పడ్డాయి గానీ లోపల నేను అవునన్నట్టు తల ఊపగలుగుతున్నా. బల్ల మీద ఉండగానే మిషను చేయి చుట్టూ తిరిగి స్కాన్ తీసింది. తల 1.4 మిల్లీమీటర్లు కిందికి దిగిందట. బల్ల పైకీ కిందికీ, పక్కలకీ, ముందుకూ వెనక్కీ జరగడమే కాదు, మూడు రకాలుగా వాలుతుంది గూడా, కాబట్టి ఆ తేడా సర్దేయొచ్చు. సర్దేసి కానిచ్చేయండి అన్నా నేను.

"అన్నా, బల్ల జరిపి మీ తలను ప్లాన్‌లో ఉన్న చోటికి తెస్తాం. తర్వాత మీరు లోపల కదిలితే బల్లకేం తెలుస్తుంది?" అన్నాడు ఫిజిసిస్టు.

పోనీ గడ్డ చుట్టూ కాస్త ఎక్కువ మేర కొట్టండి అన్నా. ఆ కుర్రాడు పెన్ను తీసి లెక్క వేశాడు. 17 మిల్లీమీటర్ల గుండ్రటి గడ్డ చుట్టూ ఒక్క మిల్లీమీటరు కలిపితే అడ్డకొలత 19, రేడియేషన్ పడే ఘనపరిమాణం మాత్రం దాదాపు 40 శాతం పెరుగుతుంది, ఆ పెరిగిందంతా గడ్డ లేని మంచి భాగమే. నేను రాత్రి ఇంటికొచ్చి మళ్లీ వేసి చూసుకున్నా, లెక్క సరిపోయింది.

దాంతో మాస్కు మళ్లీ మొదటినుంచి. కొత్త సీటీ, కొత్త ప్లాన్. ఎమ్మారై పాతదే వాడారు, పుర్రె మారలేదు కదా. రెండో మాస్కుకు డబ్బులు విడిగా కట్టా. మాస్కు అయ్యాక జుట్టు ముట్టుకోవద్దని ఒక కాగితం మీద రాసిస్తే వాళ్ల సొమ్మేం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లకు ముఖం ఉబ్బి ఇదే మాస్కు బిగుసుకుపోతుందట, అది గూడా నేను అడిగితేనే చెప్పారు.

గురువారం పొద్దున ట్రీట్‌మెంట్. నాకన్నా ముందు మిషనుకు పరీక్ష. చిన్న లోహపు గోళీని సెంటర్లో పెట్టి, చేయినీ బల్లనూ రకరకాల కోణాల్లో తిప్పుతూ, దాని నీడ కిరణం నడిమధ్యన పడుతోందా లేదా ఫోటోలు తీసి చూస్తారు. విన్‌స్టన్ లట్జ్ టెస్టు అని పేరు. లేత్ మీద డయల్ గేజి ఆనించి షాఫ్టు వంకర లేకుండా తిరుగుతోందా చూడటం లాంటిదే, ఇది విన్నాక నా టెన్షన్ సగం దిగింది.

ఈసారి మాస్కులో కనుబొమ్మ గూడా ఎగరెయ్యలేకపోయా. స్కాన్ తీశారు, బల్ల నా కింద చీమ నడిచినంత కదిలింది, మళ్లీ తీశారు, తేడా 0.2 మిల్లీమీటర్లే. అక్కడ అర మిల్లీమీటరు గానీ అర డిగ్రీ గానీ దాటితే సరిచేస్తారు. బల్ల కోణం మార్చిన ప్రతిసారీ మళ్లీ ఎక్స్‌రే. మూడో కోణం దగ్గర నాకు ఉమ్మి మింగాలనిపించి గుటక వేశా, అంతే, కాసేపటికి స్పీకర్లో "అన్నా, 0.7 చూపిస్తోంది, సరిచేస్తున్నాం, మీరేం చేయొద్దు" అని వినపడింది. గుటక వల్లేనా, దవడ బిగించానా, తెలియదు. తర్వాత నోట్లో ఎంత ఊరినా అట్టాగే పడుకున్నా. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, నొప్పి ఏమీ లేదు, మాస్కు తీశాక బుగ్గల మీద జల్లెడ అచ్చు మాత్రం కావలి దాటేదాకా పోలేదు. బస్సులో పక్కనాయన అడగలేక అడగలేక చూశాడు.

మాస్కు రెండూ ఇంటికి ఇచ్చేశారు. మా వాడు పాతదాన్ని తెచ్చి షాపులో మేకుకు తగిలించాడు, మోటారు తెచ్చిన ప్రతివాడూ ఏందది అంటాడు. ఆరు నెలల ఎమ్మారైలో గడ్డ 17 దగ్గరే ఉంది, నడుమ కాస్త నల్లబడింది, అది మంచిదే అంది డాక్టరమ్మ. చెవిలో కీచురాయి మాత్రం కూస్తూనే ఉంది. జుట్టు మళ్లీ ఒత్తుగానే వచ్చింది.