కనుమ రాత్రి, హాఫ్ నోట్ తేడా

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నేను మాత్రం సంక్రాంతి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పండక్కి వెళ్లేవాళ్లంతా అప్పటికే వెళ్లిపోయారు కాబట్టి బెర్త్ సులువుగానే దొరికింది. ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించే అతనికి జ్వరం వస్తే ఆ ఒక్క రాత్రికి నన్ను రమ్మన్నారు. 2024 జనవరి 16 తెల్లవారుజామున రాజమండ్రిలో దిగాను.

సామాను ఎక్కించేసరికే మధ్యాహ్నమైంది. వ్యాన్‌లో స్పీకర్ పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చున్నాక పాటల లిస్టు చేతికిచ్చారు. 32 పాటలు. రిహార్సల్ ఎప్పుడని అడిగితే కీబోర్డ్ అన్న నవ్వి, "స్టేజీ మీదే తమ్ముడూ" అన్నాడు. హైదరాబాద్‌లో మా బ్యాండ్ పది పాటలకి నెల రోజులు కూర్చుంటుంది! జొన్నాడ దగ్గర గోదావరి దాటాం, రావులపాలెం దాటాం, కొత్తపేట వచ్చేదాకా నేను ఇయర్‌ఫోన్స్ తీయలేదు.

మేం వాయించాల్సిన ఊరు అంబాజీపేట పక్కనే. అక్కడికి చేరకముందే వ్యాన్ ఆగిపోయింది. జగ్గన్నతోట తీర్థం జనం. చుట్టుపక్కల 11 ఊళ్ల శివుళ్లు ఏడాదికోసారి అక్కడ కలుసుకుంటారు. ఆ దేవుళ్లని నిలిపిన ప్రభల్ని, అంటే వెదుళ్లతో కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టిన వాటిని, భుజాల మీద మోస్తూ పచ్చటి వరిచేలలోంచే నడిచిపోతున్నారు. చేను తొక్కారని రైతు బాధపడడు, దేవుడే వచ్చి తొక్కాడనుకుంటాడు. గంగలకుర్రు ఊరి ప్రభలు కౌశిక కాలువ దాటుతుంటే "అశ్శరభ శరభ" అన్న అరుపు ఒక్క గొంతులా లేచింది. అంతమంది అరుస్తున్నా లయ ఇసుమంత కూడా జారలేదు. మేమైతే చెవిలో టిక్‌టిక్‌మంటూ లయ చూపించే మెట్రోనోమ్ పెట్టుకుని మరీ జారుతాం.

తొమ్మిదికి మొదలవ్వాల్సిన ప్రోగ్రాం పదకొండు దాటాక మొదలైంది. స్పీకర్లలో ఒకటే హమ్, గుయ్యిమని మోత. మైక్‌సెట్ కుర్రాడు ఇనుప రాడ్ ఒకటి నేలలో దిగ్గొట్టి, బిందెడు నీళ్లు పోసి, దానికి ఎర్త్ వైర్ చుట్టాడు. హమ్ పోయింది. మంచుకి తబలా మెత్తబడి, పాటపాటకీ సుత్తితో కొట్టుకోవాల్సి వచ్చింది.

పాడే అక్కకి జలుబు. ఆరో పాట ముందు వెనక్కి తిరిగి చూపుడువేలు కిందికి చూపించింది. హాఫ్ నోట్, అంటే అర స్వరం, శ్రుతి తగ్గించమని. కీబోర్డ్ అన్నకేం, ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు, వేళ్లు ఎప్పుడూ వాయించే మెట్ల మీదే ఉంటాయి. ఫ్లూట్ బాబాయ్ సంచీలోంచి ఇంకో ఫ్లూట్ తీశాడు. ఇరుక్కుంది నేనే. పాట E మైనర్ స్కేల్‌లో ఉంది. నా నాలుగు తీగల గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఆ E నే, దాదాపు 41 హెర్ట్జ్. అంతకంటే కిందికి దిగడానికి మెట్టే లేదు. యాంకర్ ఎవరో పెద్దమనిషికి శాలువా కప్పిస్తున్నంత సేపట్లో వాల్యూమ్ తగ్గించి, గిటార్ చెక్కకి చెవి ఆనించి, తీగ వదులు చేశాను. పాట గట్టెక్కింది. అయిన వెంటనే తీగ మళ్లీ బిగించేశాను.

తర్వాతది ఇళయరాజా పాట, బేస్‌తోనే మొదలు. ఆయన పాటల్లో బేస్ వెనకాల నిలబడి తాళం కాయదు, తనూ ఇంకో పాట పాడుకుంటూ పోతుంది. నేను ఈ గిటార్ పట్టిందే అందుకు. కళ్లు మూసుకుని నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం చుట్లు, వాయించాను. కీబోర్డ్ వచ్చి కలిసింది, హాఫ్ నోట్ కింద! అన్న బటన్ వెనక్కి నొక్కడం మర్చిపోయాడు. పళ్లు జివ్వుమన్నాయి. పోనీలే అని నేనే చెయ్యి ఒక ఫ్రెట్, అంటే ఒక మెట్టు, కిందికి జరిపాను. సరిగ్గా అప్పుడే అన్న బటన్ నొక్కాడు. మళ్లీ తేడా, ఈసారి అటువైపు. ప్యాడ్స్ కుర్రాడు నవ్వాపుకోలేక పెద్ద రోల్ కొట్టి ఆపేశాడు. జనం అదేదో స్టైల్ అనుకుని ఈలలు వేశారు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాం.

తెల్లవారాక కమిటీవాళ్లింట్లో మినప గారెలు, కోడికూర. వడ్డిస్తున్న పెద్దాయన నా ముందు ఆగి, "ఆయ్, ఆ పొడుగు గిటారు తమరేనాండీ? ఆ పాట రెండుసార్లు మొదలెట్టారు కదండీ, రెండోదే బాగుందండి" అన్నాడు.

కీబోర్డ్ అన్న తల విస్తట్లోకి వంచేసి, ఇంకో గారె వేయమన్నాడు.