గీజరు పొగ గొట్టం

ఎండలకు పేరుపడ్డ బెజవాడలో గీజరెందుకని నవ్వేవారుంటారు గాని, ధనుర్మాసంలో తెల్లవారుజామునే తలస్నానం చేసే మా అత్తయ్యగారి కోసం పటమటలోని మా ఫ్లాటులో నిన్న గ్యాస్ గీజరు పెట్టించాము. బిగించడానికి వచ్చిన కుర్రవాడు దానిని స్నానాల గదిలోనే తగిలిస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. గాలి చాలని చోట గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. వంటగ్యాసు లీకైతే అందులో కలిపిన మెర్‌కాప్టన్ వాసన హెచ్చరిస్తుంది, ఈ వాయువుకు మాత్రం రంగూ వాసనా లేవు. పైగా ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది.

అందుకే ఫ్యాను ఉన్న రకాన్ని తెచ్చి, వంటగది వెనుక అద్దాలు బిగించిన యుటిలిటీలో పెట్టించి, గొట్టాన్ని పక్క గోడలోంచి బయటకు తీయించాము. ఫ్యాను పొగను నెడుతున్నట్లు ప్రెజర్ స్విచ్ గుర్తిస్తేనే బర్నరు వెలుగుతుంది. కరెంటు పోతే ఆరిపోతుంది. కుర్రవాడు రంధ్రానికి మొదట గీసిన గుర్తు పై అంతస్తువారి కిటికీకి సరిగ్గా కింద, మూరెడు దూరంలో ఉంది. దానిని చెరిపించి, కిటికీలేవీ లేని వైపు గోడకు మార్పించాను. వాననీరు వెనక్కి రాకుండా గొట్టం కొసను బయటికి కాస్త వాల్చాడు.

చివరగా కీళ్లన్నిటికీ సబ్బు నురగ పూయగా, రెగ్యులేటరు దగ్గర మిరియపు గింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బింది. క్లిప్పు మార్చి బిగించాక మళ్లీ రాలేదు. లోపలికి మంచి గాలి రావాలని, గాలి కన్నా బరువైన గ్యాసు లీకైనా పోవాలని, గోడ అడుగున జాలీ పెట్టించాను. దోమలొస్తాయని అత్తయ్యగారు ఇంకా గొణుగుతూనే ఉన్నారు.