మిగతా చిన్నవేవి నాయనా?

తిరుపతి వెటర్నరీ కాలేజీ అంటే మా బ్యాచ్‌లో చాలామందికి హాస్టల్ మెస్, కొండకి నడక. నాకు మాత్రం పాథాలజీ ల్యాబే. పొద్దున సర్జరీ వాళ్లు కోసిన ఆడకుక్కల పాలగ్రంథుల గడ్డలు సాయంత్రానికి మా బల్ల మీదికి వచ్చేవి. ఎక్కువగా వయసు మళ్లిన పెంపుడు కుక్కలవి, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించనివి. చేయించమంటే "ఒక్క ఈతైనా ఈననీండి సార్, పాపం" అనేవాళ్లు యజమానులు. 1969లో ష్నైడర్ బృందం వేసిన లెక్క మా పాథాలజీ సార్ మాచేత బట్టీ పట్టించారు: ఆపరేషన్ చేయని కుక్కకున్న గడ్డల ముప్పుతో పోలిస్తే, మొదటిసారి ఎదకి రాకముందే చేస్తే 0.5 శాతం, ఒకసారి ఎదకొచ్చాక 8, ఆ తర్వాతైతే 26. ఆ ఆపరేషన్‌లో తీసేసేది అండాశయాల్ని కాబట్టి, వాటి హార్మోన్ల పెత్తనం ఎంతో అందులోనే తెలిసిపోతుంది.

ఒకసారి ఒక వైపు గ్రంథుల వరస మొత్తం కోసి పంపారు. పైన శనగగింజంత గడ్డ, కింద నిమ్మకాయంతది, తొడ దగ్గరది పుండు పడింది. నిమ్మకాయంతది కోస్తుంటే కత్తి కింద కరకరలాడింది. లోపల మృదులాస్థి, అక్కడక్కడా ఎముక! స్లైడ్లు చూస్తే చిన్నది మామూలు గడ్డ, పుండు పడినది చుట్టూ పాకిన క్యాన్సర్. "ఒకే ఒళ్లు, ఒకే జన్యువులు, ఒకే తిండి. గడ్డ ఎలా ముదురుతుందో వరసగా పెట్టి చూపిస్తోంది చూడండి" అన్నారు సార్.

ఎలుకకి చాలాసార్లు మనమే గడ్డ పుట్టించాలి. కుక్కకి దానంతటదే వస్తుంది, మన ఇంట్లోనే, మన గాలి పీలుస్తూ. స్త్రీలలో లాగే లింఫ్ గ్రంథులకి, ఊపిరితిత్తులకి పాకుతుంది. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వెటర్నరీ డాక్టర్ కరిన్ సోరెన్మో షెల్టర్ కుక్కలకి చికిత్స చేస్తూ, ఒకే కుక్కలోని చిన్నా పెద్దా గడ్డల్ని పోల్చి చూసే ఈ పనే చేస్తున్నారని తర్వాత చదివి భలే సంబరపడ్డాను.

అయితే "కుక్కకీ మనిషికీ ఒకటే క్యాన్సర్" అని ఎవరైనా రాస్తే నాకు చిరాకే. ఆ కరకరలాడే మిశ్రమ గడ్డలు కుక్కల్లో మామూలు, స్త్రీలలో అరుదు. కుక్కల గడ్డల్లో సుమారు సగం క్యాన్సరే కాదు. ఏ రకాన్ని దేనితో పోలుస్తున్నామో చూసుకోకపోతే పోలికంతా తప్పుతుంది.

ఇప్పుడు నా దగ్గరికి బయాప్సీలు వస్తుంటాయి. ఎవరైనా జూనియర్ పెద్ద గడ్డ ముక్క ఒక్కటే పంపితే వెంటనే ఫోన్ చేస్తాను: "మిగతా చిన్నవేవి నాయనా? ఏ గ్రంథిదో రాసి, విడివిడి డబ్బాల్లో పంపు."