నీలం నిండిన రంధ్రాలు

హైదరాబాదులో పాత ఇళ్ల నేల మీద పరిచిన షాబాద్ బండ సున్నపురాయే. అది చాలా దట్టమైన రాయి. థిన్ సెక్షన్, అంటే మైక్రోస్కోపులో చూడటానికి రాతిని పలుచని పొరగా చేయడం, దాని ముక్కల మీదే నేర్చుకున్నాను. ముక్కను గాజు స్లైడుకు అతికించి, కార్బోరండం పొడితో అరగదీస్తూ 0.03 మిల్లీమీటర్ల మందానికి తేవాలి.

ఆ తర్వాత ముంబై హై సున్నపురాయి ముక్క ఒకటి చేతికి వచ్చింది. 1974లో చమురు బయటపడిన ఆ క్షేత్రంలో ప్రధాన నిల్వ ఉన్నది మయోసీన్ కాలపు సున్నపురాళ్లలోనే. రాతిలో చమురు ఉండేది రంధ్రాల్లోనే కాబట్టి, మైక్రోస్కోపులో నా మొదటి సెక్షన్ నిండా రంధ్రాలు కనిపించేసరికి సంబరపడ్డాను. మా మేడమ్ వచ్చి చూసి, "వీటిలో రాయివి ఎన్ని, నువ్వు చేసినవి ఎన్ని అమ్మా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. అరగదీస్తుంటే గింజలు ఊడిపోతాయి. ఊడిన చోటు కూడా సహజమైన రంధ్రంలాగే కనిపిస్తుంది.

అందుకే అరగదీయడానికి ముందే రాతిలోకి నీలిరంగు కలిపిన ఎపాక్సీని, అంటే ద్రవంగా పోస్తే గట్టిపడే జిగురును, ఎక్కించాలి. నీలం ఉంటే ఆ ఖాళీ రాయిదే. ఈ మాట తేలికగానే ఉంది కానీ, నేను ఆ పని మొదలుపెట్టింది మే నెల మధ్యాహ్నం. ఎండవేడికి ఎపాక్సీ లోపలికి ఇంకేలోపే చిక్కబడింది. ముక్కను కోసి చూస్తే అంచుల్లోనే నీలం, నడుమ ఏమీ లేదు. నడుమ కనిపించిన రంధ్రాలు రాయివో నావో మళ్లీ తేలలేదు. అది నన్ను నిజంగా బాధపెట్టింది, ఎందుకంటే అలాంటి రాయి అడిగినప్పుడల్లా దొరకదు.

మిగిలిన ముక్కను పలుచగా కోసి, బాగా ఆరబెట్టి, ఉదయం ఆరు గంటలకే ప్రయోగశాలకు వెళ్లాను. ముందు వాక్యూమ్‌లో రాతిలోని గాలిని తీసేసి, గాలి లోపలికి రానివ్వకుండానే ఎపాక్సీ పోశాను. ఈసారి నడుమ దాకా నీలమే!

ఫొరామినిఫెరా అనే అతిచిన్న సముద్రజీవుల గుల్లల గదులు నిండుగా నీలంగా ఉన్నాయి. గవ్వముక్కలు కరిగిపోయి మిగిల్చిన అచ్చులూ అంతే, కాకపోతే వాటిలో చాలావరకు ఒకదానితో ఒకటి కలవలేదు. ఖాళీ ఎంత ఉన్నా దారి లేకపోతే చమురు కదలదు. వాటి మధ్యనున్న మెత్తని సున్నపు బురదలో మాత్రం రంధ్రమంటూ విడిగా ఏదీ లేదు, లేత నీలపు మసక మాత్రమే ఉంది. సెక్షన్ మందం 30 మైక్రాన్లు (అదే 0.03 మిల్లీమీటర్లు), ఆ రంధ్రాలు అంతకంటే ఎంతో చిన్నవి. ఒక దాని మీద ఒకటి పడి మసకగా కలిసిపోతాయి. అదే రాయి నుంచి కొత్తగా విరిచిన పెచ్చును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టాక ఆ మసక విడిపోయింది: సున్నపురాయిలోని ఖనిజమైన కాల్సైట్ చిన్న చిన్న స్ఫటికాలు, వాటి మధ్య సన్నని సందులు.