ఇసుకలో టెంటు నిలవాలంటే: కోవళం క్యాంపింగ్, నా అనుభవం

చెన్నై నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా కోవళం దాదాపు 40 కిలోమీటర్లు. శుభ్రత, భద్రత, సదుపాయాలు ఉన్న బీచిలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2021లో పొందిన బీచి కాబట్టి పగలు ఆడుకోవడానికి, స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి ఇబ్బంది లేదు. రాత్రి మాత్రం ఒడ్డున పడుకోనివ్వరు. అందుకే దగ్గర్లో ఏదైనా ప్రైవేటు క్యాంపు స్థలం ముందే మాట్లాడుకుంటాను. సొంత టెంటు వేసుకోనిస్తారా, రాత్రి వాచ్‌మన్ ఉంటాడా, మంచినీళ్లు దొరుకుతాయా అన్నది ఫోన్లోనే తేల్చుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, అప్పుడు వద్దే వద్దు.

అసలు పని ఇసుకతోనే. టెంటుతో వచ్చే సన్నటి మేకులు గట్టి నేలకి చేసినవి. పొడి ఇసుకలో పట్టు దొరక్క, గాలి నాలుగుసార్లు గుంజితే ఊడొచ్చేస్తాయి. నేను ఐదు కిలోల ఖాళీ బియ్యం సంచులు పట్టుకెళ్తాను. ముప్పాతిక వంతు ఇసుక నింపి, మూతి కట్టి, టెంటు తాడును సంచి నడుముకు బిగించి, అడుగున్నర గోతిలో తాడుకు అడ్డంగా పడుకోబెట్టి పూడుస్తాను. పైన నీళ్లు పోసి తొక్కితే ఇసుక బిగుస్తుంది. తాడు ఏటవాలుగా సాగాలి. నిటారుగా ఉంటే సంచి పైకి లేస్తుంది. నాలుగు మూలలకు నాలుగు, గాలి వైపు ఇంకో రెండు. మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి గట్టిగా కొడుతుంది కనుక టెంటు ఇరుకు వైపు సముద్రానికి పెట్టి, గుమ్మం పక్కకి తిప్పుకోవాలి.

ఒడ్డున చెత్త, నాచు గీతలా పేరుకుంటే పోటు అంతవరకు వచ్చిందన్నమాట. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా పైకొస్తుంది. టెంటు ఆ గీతకి బాగా ఎగువన ఉండాలి, కొబ్బరి చెట్ల కింద మాత్రం కాదు.

అలలు విరగని నున్నటి చోటు చూసి చాలామంది అక్కడే నీళ్లలోకి దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీరు లోపలికి లాక్కుపోయే దారి సాధారణంగా అదే! అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ లాగుడు తగ్గాక బయటికి రావాలి.

మండిన బొగ్గుల మీద ఇసుక కప్పి వదిలేయకండి. కింద గంటల తరబడి వేడి ఉంటుంది, పొద్దున్నే వట్టికాళ్లతో పరిగెత్తే పిల్లల పాదాలు కాలతాయి. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయాలి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లటి వెలుగుకి తల్లి బెదిరి వెనుదిరుగుతుంది, పిల్లలు దారి తప్పుతాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, సముద్రం వైపు లైట్లన్నీ ఆర్పేయండి.